యమమార్గానికి ఎనిమిదో నంబరు జోడు

ఆదివారం ఉదయం సంధ్యావందనం ముగించి, చెంబులో మిగిలిన నీళ్ళు తులసి మొదట్లో పోసిన తరువాత యజ్ఞనారాయణగారు తమ రెండవ అర్చనకు ఉపక్రమించేవారు. దీనికి పీఠం పెరటి గుమ్మానికి అవతల ఉన్న బట్టలుతికే బండ. అర్చామూర్తులు ఇద్దరు. ఒకరు కుడికాలివారు, ఒకరు ఎడమకాలివారు.

నీటిపారుదల శాఖలో కాలువలకు గట్లు వేయించి పదవీ విరమణ చేసిన యజ్ఞనారాయణగారు, కృష్ణా డెల్టా నుంచి వచ్చి కొండాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, మాదాపూర్ గుట్టల మీద లేస్తున్న ఒక పది అంతస్తుల సౌధానికి సైటు ఇంజినీరుగా రెండవ జీవితం ప్రారంభించారు. ఆ ప్రాంతానికి సైబరాబాదు అని పేరు పెట్టారే గాని బారసాల ఇంకా పూర్తి కాలేదు. కంప్యూటర్లు రావలసిన చోట అప్పటికి కంకర మాత్రమే వచ్చింది. ఆ కంకరలో, తడి కాంక్రీటులో రోజంతా తిరిగేవాడికి తోలు బూట్ల మీద భక్తి కలగడం సహజం. సిమెంటు సున్నపు జాతిది. తడిగా ఉన్నంతసేపూ తోలులోని నూనెను తాగుతుంది. ఆరిన తరువాత ఆ తోలును చెక్కగా మార్చి ఊరుకుంటుంది.

కనుక ఆదివారపు అర్చన శాస్త్రోక్తంగా సాగేది. వెదురుబద్దతో సిమెంటు పెళ్ళలు గీకడం ఆవాహనం. సున్నపు గుణం విరగడానికి పలుచని చింతపండు నీళ్ళతో తుడవడం పాద్యం. కుంకుడు రసంతో స్నానం. నీడన ఆరిన పిమ్మట గోరువెచ్చని ఆముదంతో అభ్యంగనం. చివరగా తేనెమైనం కరిగించి, అందులో కాస్త ఆముదం కలిపి, నీరు చొరబడే ప్రతి కుట్టు మీదా పూయడం అలంకారం. బజారులో దొరికే డబ్బా పాలిష్‌ను ఆయన ముట్టరు. అందులో పశువుల కొవ్వు కలుస్తుందని అనుమానం. ఎద్దు తోలుకు ఎద్దు కొవ్వు పూయడం అపచారమన్న ఈ సూక్ష్మధర్మాన్ని ఆయన ఎన్నడూ విప్పి చెప్పలేదు, అడిగినవారూ లేరు.

ఇంతటి సేవలోనూ ఆయన చెయ్యి తోలుకు తగలదు. పుల్లకు గుడ్డ చుట్టి, హోమంలో నెయ్యి వేల్చే గరిటెను పట్టుకున్నట్టు కొనవేళ్ళతో పట్టుకుని, దూరం నుంచే ఆముదం పూసేవారు. పూర్తయ్యాక భార్య బాలాత్రిపురసుందరి గుమ్మం లోపల నిలబడి చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోస్తేగాని ఆయనకు గృహప్రవేశం లేదు. ఈ నియమం భార్యదా భర్తదా అన్నది ముప్పై ఏళ్ళ కాపురంలో తేలలేదు.

ఆయనకు ఇంకొక నియమం కూడా ఉంది. అది మాత్రం నిశ్చయంగా ఆయన వంశానిది. వారు నియోగులు. దస్తరం పట్టిన చేతులే గాని దానం పట్టిన చేతులు కావని వారి ప్రతిజ్ఞ. పెళ్ళిలో ఎవరో తెలియక సంభావన పుచ్చుకునే పంక్తిలో కూర్చోబెట్టినందుకు ఆయన తండ్రిగారు నెయ్యి వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచి, మూడు క్రోసులు ఆకలితో నడిచి ఇల్లు చేరారు. ఆ మూడు క్రోసుల నడకే ఆ కుటుంబానికి మిగిలిన ఆస్తి. యజ్ఞనారాయణగారు దాన్ని ఎన్నడూ అన్యాక్రాంతం కానివ్వలేదు.

ఆయన సైటులో కాంక్రీటు పోసే ముఠాకు మేస్త్రి ఎల్లేశం. కొండాపూర్‌లోనే పుట్టినవాడు. అతడి చిన్నప్పుడు మేకలు ఎక్కిన గుట్టలనే ఇప్పుడు మందుపెట్టి పేలుస్తున్నారు. మనిషి నల్లగా, నిటారుగా ఉండేవాడు. పాదాలు మాత్రం తెల్లగా, వేసవిలో చెరువు అడుగులా పగిలి ఉండేవి. ఆ తెలుపు సిమెంటు కాల్చిన తెలుపు.

సౌధాన్ని కట్టిస్తున్న విదేశీ సంస్థవారు, కూలీల కాళ్ళకు బూట్లు లేనిదే పని సాగరాదని పట్టుబట్టి, పెట్టెల కొద్దీ బూట్లు పంపించారు. విప్పి చూస్తే అన్నీ ఎనిమిదో నంబరువే. భారతీయుల పాదం ఒకే కొలతలో తయారవుతుందని సముద్రం అవతల ఎవరో నిర్ణయించి ఉంటారు. సరిపోయినవారు పెళ్ళిళ్ళకు తొడుక్కున్నారు. సరిపోనివారు బామ్మర్దులకు ఇచ్చుకున్నారు. ఎల్లేశానికి, యజ్ఞనారాయణగారికి మాత్రం ఆ జోడు కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

"ఏమయ్యా ఎల్లేశం, బూట్లేవీ?" అని ఆయన ఒకనాడు స్లాబు మీద నిలదీశారు.

"ఇంట్ల గోడ మొలకు తగిలిచ్చిన సారూ. మంచిగున్నయ్. ఫికర్ జెయ్యకుండ్రి."

"అవి బాగుండటానికి కాదయ్యా ఇచ్చింది, నీ కాళ్ళు బాగుండటానికి."

"నా కాళ్ళకేమైంది సారూ? పుట్టినప్పటిసంది గివ్వే కాళ్ళు, ఒక్కసారన్న మార్సిన్నా? మీరే జోళ్ళకు పూజ జేస్తరంట. గంట గిట్ల గొడ్తరా, లేకుంటె ఉత్త హారతేనా?"

ముఠా అంతా పారలు ఆపి నవ్వింది. భద్రతా నియమాల పుస్తకం ఇక్కడ పనిచెయ్యదని గ్రహించిన యజ్ఞనారాయణగారు పురాణాన్ని ఆశ్రయించారు.

"నవ్వు, నవ్వు. పోయాక యమపురికి వెళ్ళే దారి ఎలా ఉంటుందో తెలుసా? నిప్పులా కాలే ఇసుక. శానా దూరం, మీ భాషలో చెప్పాలంటే. అందుకే కదా కర్మనాడు పాదరక్షలు దానం ఇచ్చేది."

"గది నాకెర్కే సారూ. మా నాయినకు ఇచ్చినం గద. చెప్పులు, ఛత్రి."

"చెప్పులా!" అని యజ్ఞనారాయణగారు జాలిగా తల ఊపారు. "చెప్పులు ఏ మూలకు? ఆ ఇసుక చీలమండల దాకా వస్తుంది. సందుల్లోంచి ఎక్కి కాలుస్తుంది. అక్కడికి బూటే కావాలి. అదీ ఉత్తినే ఇస్తే చాలదు. పుచ్చుకున్నవాడు తొడుక్కుని నడవాలి. వాడు ఇక్కడ నడిస్తేనే నీకు అక్కడ అందేది. ఇక్కడ అలవాటు లేకపోతే నీకు అక్కడ బొబ్బలెక్కుతాయి, ఆపైన నీ ఇష్టం."

కాలే ఇసుక, పాదరక్షల దానం పురాణంలో ఉన్నవే. చీలమండలు, బూటు, పుచ్చుకున్నవాడి నడక మాత్రం యజ్ఞనారాయణగారు ఆ క్షణాన, సెంట్రింగు చెక్క మీద నిలబడి చేసిన రచన. ప్రక్షిప్తాలు పూర్వం కూడా ఇలాగే సత్సంకల్పంతో పుట్టి ఉంటాయి.

మరునాడు ఎల్లేశం బూట్లు తొడుక్కుని వచ్చాడు. "దొర ఒచ్చిండు, జరగుండ్రి బై" అని ముఠా దారి ఇచ్చింది. సాయంకాలం బూట్లు విప్పి, మడమను బొటనవేలితో నొక్కి చూసుకుని, ఎవరితోనూ కానట్టు అన్నాడు: "కాల్తలేదు సారూ. నిజంగనే కాల్తలేదు."

నాటి నుంచి అతడు బూట్లు లేకుండా స్లాబు ఎక్కలేదు. వాటికి సేవ మాత్రం చేయలేదు. వానలు ముదిరినప్పుడు జ్వరం పట్టుకుంది. మూడునాళ్ళ జ్వరమే కదా అని ఇంట్లో ఉన్నాడు. దవాఖానలో చేర్చేసరికి తలకెక్కింది. ఎల్లేశం తిరిగి రాలేదు. సైటులో ఒక పూట పని ఆపారు. మరుసటి పూట కాంక్రీటు లారీ వచ్చింది.

ఆ తరువాత ఆదివారం యజ్ఞనారాయణగారు బండ దగ్గర పుల్లకు గుడ్డ చుడుతుండగా, పెరటి ప్రహరీ అవతల ఒక మనిషి నిలబడింది. ఎల్లేశం భార్య బుచ్చమ్మ. చేతిలో ఖాళీ సిమెంటు సంచి, అందులో ఏదో బరువు.

"మైలల ఉన్న సారూ, లోపటికి రాను" అని ఆమె సంచిని గోడ మీద పెట్టింది. "ఎల్లుండి దినాలు. ఆయన జోళ్ళు తెచ్చిన."

యజ్ఞనారాయణగారు దగ్గరికి వచ్చి సంచిలోకి చూశారు. బూడిదరంగు రాళ్ళు రెండు కనిపించాయి. ముడులు విప్పని లేసులు ఇనుపతీగల్లా బిగుసుకుని ఉన్నాయి.

"పొయ్యి కాడ ఆరబెట్టేదాన్ని సారూ, దినాం. తడి జోళ్ళు తొడిగితె జొరమొస్తదని." అంది. "మా రామబ్రహ్మం పంతులు చెప్పులైతె పట్టుకుంటనన్నడు. గీ బూట్లు నేనేడ తొడుగుతనే, ధోతి మీద, అన్నడు. తొడగకుంటె ఆయనకు ముట్టయి గద? మీరే జెప్పిండ్రంట. చెప్పులైతె కాళ్ళు కాల్తయని, పట్టుకున్నోడు నడిస్తెనే అక్కడ అందుతయని. ఆయన ఇంటికొచ్చి అన్నం గూడ తినకుంట గదే ముచ్చట జెప్పిండు."

తమ రచనకు ఇంతటి శ్రద్ధగల పాఠకురాలు దొరకడం యజ్ఞనారాయణగారికి ఇదే మొదటిసారి.

"మీ మరిది లింగయ్య ఉన్నాడుగా, అతనికి..."

"ఇంటోనికి ఇస్తె దానమెట్లైతది సారూ? అయినా వాని కాలు వానిదా, ఏనుగుదా? సగం గూడ దూరది." ఆమె ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. "మీ కాళ్ళకు సరిపోతయ్. నా నంబరే సారు నంబరు అని ఆయన నవ్వుతుండె. మీరు బాపనోళ్ళు. మీరు పట్టుకోండ్రి."

"మాలో దానాలు పుచ్చుకునే ఆచారం లేదు బుచ్చమ్మా. మేము నియోగులం."

"బాపనోళ్ళల్ల గూడ ఇచ్చెటోళ్ళు, పట్టెటోళ్ళు వేరేవేరే ఉంటరా?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. తరువాత ఆయన ముఖం వైపు కాక పాదాల వైపు చూస్తూ అంది: "బతికున్నన్ని దినాలు కాళ్ళు కాల్చుకునే తిరిగిండు సారూ. ఆకరికి గీ నాలుగు నెలలే కాల్తలేదన్నడు. ఇగ అక్కడ గూడ కాల్చుకుంట పోవాల్నా?"

"ముందు ఇవి బాగుపడతాయేమో చూడనీ. తోలు చచ్చిపోయి ఉంటే ఎవరూ తొడగలేరు" అన్నారు యజ్ఞనారాయణగారు. చచ్చిపోయి ఉంటే బాగుండునన్న కోరిక ఆ మాటల వెనక ఒక మూల కూర్చుని ఉంది.

బుచ్చమ్మ వెళ్ళిపోయింది. ఆయన తన బూట్లను పక్కకు జరిపి, ఆ రాళ్ళను బండ మీద పెట్టారు.

లేసులను కోసి తీయవలసి వచ్చింది. వెదురుబద్ద విరిగింది, ఇంకొకటి చీల్చారు. చాకుతో గీకితే త్వరగా పోతుంది గాని తోలు తెగుతుంది. పెళ్ళలు ఒక్కొక్కటే ఊడుతుంటే, కింద బూడిదరంగు పొర, దాని కింద వేడికి ముడుచుకున్న తోలు. చింతపండు నీళ్ళు పోసిన చోట సిమెంటు సన్నగా నురగ కట్టి, బుసబుసమని చల్లారింది.

"ఏవండీ, అది పులుసుకని నానబెట్టిన కొత్త చింతపండు" అంది బాలాత్రిపురసుందరి గుమ్మంలోంచి.

"ఇవాళ పులుసు ఎల్లేశానికి."

ఆమె గోడ మీది సంభాషణంతా వంటింటి కిటికీలోంచి వినే ఉంది. "ఆ బూటు సంగతి ఏ పురాణంలో ఉందండీ?" అని అడిగింది.

ఆయన వెదురుబద్దతో ఇంకొక పెళ్ళ ఊడదీశారు. బదులు అందులోనే ఉంది.

"మరి లేదని చెప్పేస్తే పోలా? సరదాకి అన్నానమ్మా, చెప్పులు చాలును అంటే ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. మీకూ ఈ దానం గొడవ తప్పుతుంది."

"చెప్పొచ్చు" అన్నారు యజ్ఞనారాయణగారు.

నిజమే. గోడ దగ్గరికి పిలిచి ఒక్క వాక్యం చెబితే చాలు. తండ్రిగారి మూడు క్రోసులు భద్రంగా ఉంటాయి. అయితే ఆ వాక్యం చెప్పిన మీదట బుచ్చమ్మ కళ్ళ ముందు ఎల్లేశం ఏ పాదాలతో నడుస్తాడు? రబ్బరు చెప్పుల సందుల్లోంచి ఇసుక ఎక్కే దృశ్యాన్ని ఆమె ఒకసారి చూసేసింది. చూపించినవాడు వచ్చి అది లేదంటే ఇసుక చల్లారదు. మనిషి మాట మీద నమ్మకం మాత్రం చల్లారుతుంది. ఎల్లేశం ఆ మాట నమ్మి బూట్లు తొడిగాడు. అబద్ధాన్ని నమ్మి తొడిగినా కాలు కాలలేదు. ఇటువంటి సందర్భంలో అబద్ధం ఎక్కడ ముగిసి నిజం ఎక్కడ మొదలైందో గీత గీయడానికి నీటిపారుదల శాఖలో ఆయన నేర్చిన సర్వే చాలలేదు.

కుంకుడు రసంతో కడిగి, లోపల పాత దినపత్రిక ఉండలు కుక్కి నీడన పెట్టారు. పత్రికలో దేవుడి బొమ్మలున్న పుటలు తీసేసి, షేర్ల ధరల పుట ఎంచారు. మదుపుదారుల కన్నీళ్ళతో దానికి అప్పటికే తేమ పీల్చడం అలవాటు.

సోమవారం సాయంత్రం సైటు నుంచి వచ్చి చూస్తే బూట్లు శుభ్రంగా, ఎండు కొబ్బరిచిప్పల్లా ఉన్నాయి. వంచితే విరిగేటట్టున్నాయి. ఆయన కోరిక మూలలోంచి లేచి నిలబడింది. ఆముదం వెచ్చచేసి, పుల్లకు గుడ్డ చుట్టి పూశారు. తోలు తాగింది. మళ్ళీ పూశారు. మళ్ళీ తాగింది. కాని నడకలో బూటు వంగే చోట, వేళ్ళ మీది ముడతల్లోకి పుల్ల పోలేదు. గుడ్డ నూనెనంతా తనే తాగి, ముడతకు తడి చూపించి ఊరుకుంది. ఆ ముడతలు మెత్తబడకపోతే మొదటి అడుగులోనే తోలు చిట్లుతుంది.

యజ్ఞనారాయణగారు పుల్లను కింద పెట్టారు. బొటనవేలిని ఆముదంలో ముంచి, ముడత మీద పెట్టి, నెమ్మదిగా లోపలికి రాశారు. తోలు వేలి వెచ్చదనాన్ని పట్టుకుంది. వెనకనున్న గుమ్మంలో గాజుల చప్పుడు ఆగింది. ఆయన తల తిప్పలేదు. ఎడమచేతిని బూటు లోపలికి పోనిచ్చి, కింద నుంచి ఎత్తిపట్టి, ముడతను విప్పారు.

అప్పుడు ఆయన వేళ్ళకు అట్ట తగిలింది. అట్ట మీద గుంటలు. బొటనవేలిది లోతుగా, పక్కవి వరసగా. చిటికెన వేలిది మాత్రం వరసలో లేదు, పైతోలులో ఉంది. ఎన్నడో రాయి పడి ఎల్లేశం చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కింది. ఆ గుంట అక్కడ, ఆ ఎక్కిన చోటే ఉంది. మనిషి లేడు. వేలు ఎక్కడ ఉండేదో తోలుకు ఇంకా జ్ఞాపకముంది. యజ్ఞనారాయణగారు చెయ్యి వెనక్కి తీసుకోకుండా, బొటనవేలితో ముడతలోకి ఇంకొంత ఆముదం రాశారు.

"ఎలాగూ స్నానం చేస్తారుగా" అంది బాలాత్రిపురసుందరి చివరికి. ఆమె గొంతులో దెప్పు లేదు. "రెండోదీ కానివ్వండి. మైనం నేను కరిగించి తెస్తాను."

ఆమె తెచ్చింది. తన పెట్టెలోంచి ఆయన పాత పట్టుధోవతి అంచు కూడా చింపి తెచ్చింది. వెచ్చని మైనాన్ని ఆయన కుట్ల మీద, అడుగు అట్ట కలిసే చోట, బూటు నాలుక అంచుల్లో వేలితో నింపారు. ఆమె గుమ్మం దాటలేదు. దీపం మాత్రం చెయ్యి చాచి బయటికి పట్టుకుంది. పట్టుగుడ్డతో రుద్దేసరికి బూడిద పోయి, తోలు ముదురు చింతగింజ రంగు తేలింది. చెంబులో నీళ్ళు చిలకరిస్తే బొట్లు బొట్లుగా జారిపోయాయి. తామరాకుకు వేదాంతులు కట్టబెట్టిన వైరాగ్యాన్ని ఎద్దుతోలు కూడా సాధించగలదని తెలిసింది. బూటును వంచి చూశారు. వంగింది. ఆయన కోరిక మూలలోకి పోయి మళ్ళీ లేవలేదు.

దినాలు గుట్ట వెనక, రాయి తవ్విన గుంత పక్కన జరిగాయి. రాత్రి వాన పడి నేలంతా బురద, మధ్యలో సున్నపు నీళ్ళు తెల్లగా నిలిచి ఉన్నాయి. లింగయ్య గుండు చేయించుకుని పిండాలు పెట్టాడు. రామబ్రహ్మం పంతులు ఛత్రి పుచ్చుకున్నాడు. చెంబు, దుప్పటి పుచ్చుకున్నాడు. అప్పుడు యజ్ఞనారాయణగారు ధోవతి, ఉత్తరీయంతో వచ్చి పీట మీద కూర్చున్నారు. ముఠా మొత్తం లేచి నిలబడింది.

రామబ్రహ్మం దర్భ అందిస్తూ చెవి దగ్గరికి వంగాడు. "మీరు నియోగులు గదా సార్?"

"నిన్నటిదాకా" అన్నారు యజ్ఞనారాయణగారు.

లింగయ్య బూట్లను రెండు చేతులా ఎత్తాడు. ఆయన కుడిచేయి చాచి, అరచేతిని ఆకాశం వైపు తిప్పారు. ఆ వంశంలో అరచెయ్యి ఆ దిక్కు చూడటం అదే ప్రథమం. అందులో బూట్ల బరువు వచ్చి పడింది.

"ప్రతిగృహ్ణామి" అన్నారు.

ధోవతి కింద, వట్టి పాదాలకు ఆ బూట్లు తొడుక్కున్నారు. కొత్త లేసులు కట్టుకున్నారు. మరొకప్పుడైతే దొర వచ్చాడని ముఠా నవ్వి ఉండేది. ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి, తెల్లటి సున్నపు నీళ్ళలో మొదటి అడుగు వేశారు. బొటనవేలు గుంటలోకి దిగింది. పక్కవేళ్ళు వరసగా దిగాయి. ఆయన చిటికెన వేలికి మాత్రం చోటు దొరకలేదు. అది ఉండవలసిన చోట గట్టు, దాని పైన ఇంకొకరి గుంట. ప్రతి అడుగుకూ అక్కడ ఒత్తుకుంటూనే ఉంది. ఆయన బండరాయి దాకా వెళ్ళి, తిరిగి వచ్చారు.

బుచ్చమ్మ ముసుగు కింది నుంచి ఆ పాదాలనే చూస్తోంది. ఒక్క అడుగు కూడా వదలలేదు.

"కాల్తలేదు గద సారూ?"

"లేదమ్మా. చల్లగా ఉంది. చుక్క నీరు కూడా రాలేదు."

ఆమె తల ఊపింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ ఆయన వైపు చూసింది.

"ఇంకింత దూరం నడువుండ్రి సారూ. గా తొవ్వ శానా దూరమని మీరే జెప్పిండ్రంట."

యజ్ఞనారాయణగారు ధోవతి అంచును కొంచెం పైకెత్తి పట్టుకుని, మళ్ళీ నడక సాగించారు.